సెలైన్ గొట్టం

మా అనంతపురం పాతూరి నీళ్లు రాతికి పుట్టినవి.
బకెట్టు ఎండితే అంచున సున్నపు గీత,
టీ గిన్నె అడుగున ఇంకో గిన్నె.
ఈ నీళ్లలో ఆ చేప గుడ్డు పెట్టదని
మస్తాన్‌వలి ముందే చెప్పినాడు,
చెప్పి కూడా జత అమ్మినాడు.

మూడు నెలలు ఊరికే తిరిగినాయి.
చూపుడువేలంత మగది, దాంట్లో సగం ఆడది.
సెప్టెంబర్లో ఒక రాత్రి, ఏ మబ్బుకు దయ పుట్టిందో,
మిద్దె మీద ఇంట్లో ఉన్నవన్నీ పరిచినా:
ఇడ్లీపాత్ర, బిందె, పెదవి పగిలిన ఊరగాయ జాడీ.
చేనుకు చాలని వాన
చేపకు సరిపోయింది.
ఆస్పత్రి కాంపౌండులో రాలిన బాదం ఆకులు నాలుగు వేస్తే
తొట్టి డికాక్షన్ రంగుకు దిగింది.
ఐదో రోజు కొబ్బరిచిప్ప కింద దూరింది.

ఇంకో వారానికి బయటికొస్తే ఒళ్లంతా పసుపు,
బాలింతకు ఎవరో నలుగు పెట్టినట్టు.
కంటి కింద నిలువునా కాటుక జారిన గీత.
వెనక ధూళి.
కదిలే ధూళి.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. లెక్కపెట్టేది నా కూలి.
పొద్దున లెక్క: అరవై మూడు.
సాయంత్రం: నలభై.
నియాన్లు ఏమీ ఎరగనట్టు
నీలిగీతలు మెరిపించుకుంటా తిరుగుతుండాయి.
పన్నెండింటిని అదొక్కతే తరుముతుండాది.
మగది మొక్కల చాటున,
పంచాయితీ తెగినాక వచ్చే పెద్దమనిషి.
ఒళ్లొకసారి విదిలిస్తే
పిల్లలన్నీ ఇసుకకు అతుక్కుని ఇసుకైపోతాయి.
ఆ భాష నాకు రాదు. అంకెలొక్కటే వస్తాయి.
మర్నాటికి ఇరవై ఎనిమిది.

రాత్రి పదకొండుకు
వాడని సెలైన్ సెట్టొకటి విప్పినా.
ఒక కొన గాజుడబ్బాలో, ఒక కొన చిప్ప కింద.
చక్రం తిప్పి ధార సన్నం చేసినా,
ముసలోళ్ల నరానికి చేసినట్టు.
గొట్టంలో జారిపోతుంటే
టార్చి వెలుగులో కళ్లే కనిపించినాయి.
అది గొట్టాన్ని పొడిచింది. మళ్లీ పొడిచింది.
నా వేలిని పొడిచింది.
నొప్పి లేదు.
ఇరవై ఆరు. రెండు దొరకలేదు.

సోడాసీసాలో కల్లుప్పు నీళ్లు,
చిటికెడు ఉప్పురొయ్యల గుడ్లు, గాలిమోటారు బుడబుడ.
రేపటికి సీసా నిండా నారింజ పొగ.
వడగట్టి చుక్కచుక్కగా వేస్తే
పిల్లల పొట్టలు కనకాంబరాలైనాయి.
కరెంటు పోయిన రెండు గంటలూ
గరిటెతో నీళ్లెత్తి పోసుకుంటా కూర్చున్నా.

నైట్ డ్యూటీలో ఆయా ఓబులమ్మ విని నవ్వింది.
"దాని బిడ్డల్ని దానికిడ్సకుండా నీకేం పనిమా?"
తినేస్తాయి కదా అంటి.
"అయితే తినేవోటిని ఎత్తాల.
నువ్వు తల్లిని దోస్తివి."

ఆదివారం
డ్రమ్ములో పుట్టిన నీటిపేలు ఒక గరిటెడు
పెద్దతొట్టిలో మేతగా వేసినా.
నియాన్లు ఎగబడినాయి.
అది ఎగబడలేదు.
గుంపు చుట్టూ ఒక చుట్టు తిరిగింది,
ఒళ్లు విదిలించింది.
అవి కిందికి దిగలేదు. వాటికీ ఆ భాష రాదు.
ఇంకోసారి విదిలించింది.
గెంతుతున్న ఆ పేలను
అదిలించి, అదిలించి
చిప్పవైపు తోలుకుపోవాలని చూసింది.

ఆ పూట నేను దేన్నీ లెక్కపెట్టలేదు.

డబ్బాలో ఇప్పుడు పద్నాలుగు బతికుండాయి.
మస్తాన్‌వలి ఒక్కోటి ఎనభైకి అడిగినాడు.
చూద్దాంలే అన్నా.
నిన్న దానికి మళ్లీ పసుపెక్కింది.
ఈసారి వల వేసింది నియాన్లకు.
పన్నెండూ వంటింటి బకెట్టులో, సున్నపు గీత కింద
నీలంగా, కోపంగా తిరుగుతుండాయి.
గొట్టం చుట్టి అలమార పైన పెట్టినా.
పారెయ్యలేదు.